నూకరత్నం పాదానికో సవతి

మా ఇంటికి బయటినుంచి ఎవరొచ్చినా సరే, మెట్ల పక్కన కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కున్నాకే గడప దాటాలి. మా అమ్మ పెట్టిన నియమం అది. ఆవిడ వెళ్ళిపోయాక మా ఆవిడ నూకరత్నం దాన్ని ఇంకా బిగించింది. ఒకసారి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయన బూట్లు విప్పి, ప్యాంటు మడిచి, కాళ్ళు కడుక్కున్నాక మీటరు బయటి గోడకే ఉందని తెలిసి, తనలో తనే నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

గాజువాకలో ఒక లారీ చూసుకోకుండా వెనక్కి రావడంతో రత్నానికి కుడి పాదం పోయింది. గాయం మానాక దాని చోట ప్లాస్టిక్ పాదం వచ్చింది. అది తగిలించుకుని మొదటిసారి ఆటో దిగిన రోజున, నా భుజం పట్టుకుని కుళాయి దగ్గర నిలబడి, "పొయ్యండి" అంది.

ఎడమ పాదం మీద చెంబుతో నీళ్ళు పోశాను.

"రెండోదో?"

"అది ప్లాస్టిక్ కదే."

"ప్లాస్టికైతే ఏటి? అదీ వీధి తొక్కే వచ్చింది. దానికి దుమ్ము అంటదా?"

దానిమీదా పోశాను. ఆ తర్వాత నుంచి అదొక అలవాటైపోయింది. మడమ రుద్దుకునే కొబ్బరి పీచుతోనే దాన్నీ రుద్దేది. శుక్రవారం రెండు పాదాలకీ పసుపు రాసేది. కొన్నాళ్ళకి పాలమీగడ రంగులో ఉన్న ఆ పాదం చామంతి పువ్వులా అయింది. మా అమ్మాయి ఇందుమతి అది చూసి, "ఫ్యాక్టరీలో ఈ రంగు రావాలంటే వేరే పొడి కలపాలమ్మా, నువ్వు ఊరికే తెప్పించేశావు" అని నవ్వింది. మేమూ నవ్వాం.

ఆ పాదాన్ని తయారు చేసింది ఇందు పనిచేసే కంపెనీయే. ఆటోనగర్‌లో ఉంది. ప్లాస్టిక్ గింజల్ని కరిగించి, ఉక్కు అచ్చులోకి నొక్కి పాదాలు తీస్తారు. ఉక్కు చెక్కడం ఖరీదైన పని కాబట్టి ముందు కంప్యూటర్‌లోనే అచ్చు కట్టి, అందులోనే ప్లాస్టిక్ పోసి, పాదం వంకర తిరుగుతుందా తిన్నగా వస్తుందా చూస్తారు. అలాంటి సాఫ్ట్‌వేర్లు ఎప్పటినుంచో ఉన్నాయట. ఒక వస్తువు ఎలా పుడుతుందో అవి చూపిస్తాయి. అది ఎలా బతుకుతుందో, ఎక్కడ, ఎప్పుడు విరుగుతుందో చూపించేది మాత్రం మా ఇందు కనిపెట్టింది. కంప్యూటర్‌లో పుట్టిన ఆ పాదం అక్కడితో ఆగదు. మనిషి నడకని నేర్చుకుని, ఆ మనిషి కన్నా ముందే, ఆ మనిషి నడవబోయేదంతా నడిచేస్తుంది. ఇందు దానికి జంట పాదం అని పేరు పెట్టింది.

నేను పదో తరగతి చదివి, ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన వాణ్ణి. ఇందులో నాకు అర్థమైందంతా ఉగాది తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం క్యారియర్ పట్టుకుని రత్నంతో కలిసి ఆ కంపెనీ ల్యాబుకి వెళ్ళినప్పుడు అర్థమైందే.

ఆ రోజు రత్నానికి కొత్త పాదం ఇస్తామన్నారు. పాత దాని అచ్చే, అదే నైలాను ప్లాస్టిక్, కాకపోతే లోపల వెంట్రుకంత తీగ ఉంది. ఆమె వేసే ప్రతి అడుగు బరువునీ ఆ తీగ జంటకి చెబుతుంది. రత్నం పాత పాదాన్ని విప్పి సంచిలో పెట్టుకుంది.

"ఇక్కడ వదిలెయ్యి పిన్నీ" అంది సుల్తానా. ఇందు స్నేహితురాలు ఆమె. ప్లాస్టిక్ కడ్డీల్ని మిషను మీద లాగి, వంచి, విరిచి వాటి బలాలు చెప్పే పని ఆమెది.

"ఒదిలెయ్యడానికి అదేమైనా పాత చెప్పా? సంవత్సరం పైన నన్ను మోసింది" అని రత్నం సంచి దగ్గరకి లాక్కుంది.

ఇందు కంప్యూటర్ ముందు కూర్చుని ఖాళీ గళ్ళు నింపుతోంది. రత్నం కొత్త పాదంతో నాలుగడుగులు వేసి, వెనకనుంచి తొంగి చూసింది. "ఆ గళ్ళేటే? రేషన్ కార్డా?"

"ఇవి నింపకపోతే నీ జంట పుట్టదమ్మా. ప్లాస్టిక్ గుణాలు ఇవి. ఎంత లాగితే ఎంత సాగుతుంది, ఎంతకి తెగుతుంది అని."

"ఒక్క ప్లాస్టిక్కుకి ఇన్ని గళ్ళా? సాగడానికే రెండున్నాయి."

ఇందు లేచి, మేం భోజనానికి తెచ్చిన అరటాకు తీసింది. ఈనెల వెంట లాగితే సర్రున చీలిపోయింది. ఈనెలకి అడ్డంగా లాగితే చీలక, నలిగి, మొండికేసింది. "ఇలాగే అమ్మా. కరిగిన నైలాను మడమ దగ్గర లోపలికి వెళ్ళి వేళ్ళ దాకా పారుతుంది. అందులో గాజు నూలు ముక్కలుంటాయి. కాలవలో గడ్డిపరకలు నీరు పోయే వైపు తిరిగినట్టు అవి కూడా పారే వైపు తిరుగుతాయి. అందుకే పారిన దారి వెంట ఒక బలం, అడ్డంగా ఇంకో బలం. రెండూ చెప్పాలి."

"మరి ఈ సున్నా చుక్క మూడు చిల్లరేటి?"

"దేన్నైనా పొడుగ్గా లాగితే పక్కల సన్నబడుతుంది కదా. ఎంత సాగితే ఎంత సన్నబడుతుందో ఆ లెక్క."

"మీ నాన్న రిటైరయ్యాక పొడుగు సాగలేదు గాని పక్కలకి లావయ్యాడు. దానికి గడి ఉందా?"

సుల్తానా చేతిలో కడ్డీ జారిపోయింది, అంత నవ్వింది. ఆ కడ్డీని చప్పున తీసి వెండి రంగు సంచిలో పెట్టి మూతి అతికించేసింది. అచ్చులోంచి తీసిన వెంటనే కడ్డీల్ని అలా గాలి చొరకుండా కట్టెయ్యాలట. పరీక్ష చేసేదాకా విప్పకూడదట. నియమం.

"ఎందుకమ్మా, పాడైపోతాయా?" అన్నాను.

"పాడవ్వవు బాబాయ్. నైలానుకి దాహం ఎక్కువ. గాల్లో తడి కూడా తాగేస్తుంది. తాగితే అంకె మారిపోతుంది."

"దాహమైతే మజ్జిగ పొయ్యండి" అంది రత్నం.

ఇందు మాత్రం నవ్వుతూనే కొత్త పాదాన్ని వేలితో తట్టి హెచ్చరించింది. "దీనికి పైన పూత ఉంది, గాల్లో తడి పట్టదు. నీళ్ళు మాత్రం తగలనివ్వకు. పాదంతో పాటు ఇచ్చే కాగితంలో కూడా అదే రాశాను." తర్వాత మీట నొక్కింది. తెర మీద పాదం పుట్టింది. మడమ దగ్గర చిన్న మెరుపు, అక్కడినుంచి అలలా పాకి వేళ్ళదాకా నిండింది. చల్లారింది. ఒక క్షణం ఆగి, అడుగు వేసింది. అచ్చం రత్నం అడుగే. కుడివైపు కొంచెం ఒరిగి, ఎవరినో పిలవబోయినట్టు ఆగి, మళ్ళీ వేసే అడుగు.

రత్నం చేతులు నడుం మీద పెట్టుకుని దాన్ని కాసేపు పైకీ కిందకీ చూసింది. "ఇదేటి, నా సవతా?"

ఆ రోజునుంచి మా ఇంట్లో దాని పేరు సవతే. సాయంత్రం ఇందు రాగానే, "నా సవతి ఈ రోజు ఎక్కడిదాకా ఎల్లిందే?" అని అడిగేది. "వచ్చే నెల దాకా నడిచేసిందమ్మా." "పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో అడుగు, వచ్చే నెల వండే పప్పు." ఇలా సాగేది.

వైశాఖంలో ఒక సాయంత్రం ఇందు ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, సంచి ఒళ్ళో పెట్టుకునే కూర్చుంది. రత్నం సవతి సంగతి అడిగింది.

"విరిగిపోయిందమ్మా."

"ఎక్కడ?"

"చీలమండ వంపు దగ్గర. ఎర్రచుక్క పడింది, చూస్తుండగా అడ్డంగా పాకేసింది."

"అది కాదే. ఏ ఊళ్ళో ఉండగా అని అడుగుతున్నా."

ఇందు నా వైపు చూసింది. చెప్పకుండా ఉండలేకపోయింది. "హనుమంతవాక దగ్గర. గిరి ప్రదక్షిణలో."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ ఆషాఢ పున్నమికి లక్షల మంది చెప్పుల్లేకుండా నడుస్తారు. కొండ మెట్ల మొదట్లో ఉన్న తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, అడవివరం, హనుమంతవాక మీదుగా సముద్రందాకా వెళ్ళి, స్నానం చేసి, ఊరంతా చుట్టి, మళ్ళీ కొండ దగ్గరికి చేరాలి. పెళ్ళైనప్పటినుంచి రత్నం ఒక్క ఏడూ మానలేదు. పాదం పోయాకే ఆగింది. ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరవగానే, ఏం పోయిందో చూసుకుని, "స్వామీ, ఒక్కసారైనా మళ్ళీ నీ చుట్టూ తిరుగుతాను" అని మొక్కుకుంది. ఈ ఆషాఢానికి తిరుగుదామని అప్పటికే రోజూ వీధి చివరిదాకా నడిచి సాధన చేస్తోంది. ఆ అడుగుల్నే సవతి నేర్చుకుంది. నేర్చుకుని, ముందే వెళ్ళి, కూలబడింది.

ఆ పూట రత్నం తేలిగ్గానే తీసుకుంది. "సవతికి కొండ చుట్టే భాగ్యం లేదు పాపం" అంది. కాని తర్వాత రోజుల్లో నేను గమనించాను. తులసికోటకి నీళ్ళు నన్నే పొయ్యమంది. వీధిలో చేపలమ్మి కేక వేస్తే కిటికీలోంచే బేరం ఆడింది. ఎదురింటి వాళ్ళ నామకరణానికి వెళ్ళలేదు. నడిచి నడిచి బుగ్గలకి రంగొచ్చిన మనిషి కుర్చీలో కూర్చుని అడుగులు దాచుకోవడం మొదలుపెట్టింది. పిసినారి ధాన్యం దాచినట్టు దాచుకుంటోంది, కొండ కోసం.

ఇందు కూడా తనకి తోచిన జాగ్రత్త చేసింది. బిగువు మూత పెట్టె ఒకటి తెచ్చి, అందులో తడి పీల్చే గుళికల సంచులు వేసి, "కూర్చున్నప్పుడూ, పడుకున్నప్పుడూ పాదం ఇందులో పెట్టమ్మా. పూత ఉన్నా సరే, మన సముద్రపు గాలిని నమ్మలేం" అంది. అలాగే పెట్టింది. బయటికి వెళ్ళకపోతే కాళ్ళు కడగడమూ లేదు. నా చెంబుకి పని పోయింది.

కొన్నాళ్ళకి ఆ పాదం అడుగు వేసినప్పుడల్లా చీలమండ దగ్గర చిన్నగా కిర్రుమనడం మొదలెట్టింది. ఇందు విని తెల్లబోయింది. జంటలో కూడా ఆ చోటే, ఆ చప్పుడికి సరిపోయే మార్పే కనిపిస్తోందట. లెక్క నిజమవుతోంది. తను కనిపెట్టిన యంత్రం నెగ్గుతోంది, తన తల్లి ఓడిపోతోంది. ఆ పిల్ల ముఖంలో ఆ రెండూ కనిపించేవి.

నేను పూజలో కూర్చున్నప్పుడు అప్పన్నని అడిగాను. స్వామీ, మా ఆయుష్షు ఎంతో మాకు తెలియకుండా దాచావు. దయతోనే దాచావని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మరి మా పిల్ల చేత ఒక పాదం ఆయుష్షు ఎందుకు చెప్పించావు? చెప్పించినవాడివి, దానితో ఏం చెయ్యాలో కూడా చెప్పించకూడదా? ఆయన చందనం పూతలో చల్లగా కూర్చున్నాడు, ఎప్పట్లాగే.

జ్యేష్ఠం చివర్లో ఇందు గట్టిగా చెప్పేసింది. "ఈ ఏడు వద్దమ్మా. వేరే నైలానుతో ఇంకో పాదం చేస్తాను. వచ్చే ఏడు నడుద్దువు గాని."

"వచ్చే ఏడు ఇంకోటి చెప్తావు. నేను పాత పాదంతో ఎల్తాను."

"పాతదా! అదే ప్లాస్టిక్ అమ్మా. నా లెక్క ప్రకారం అది ఈపాటికే విరిగి ఉండాలి. విరగలేదంటే వెంట్రుకవాసిలో ఉందన్నమాట."

"నీ లెక్కకి తెలీదేమో అదెంత మొండిదో."

"సరే" అంది ఇందు. ఆమెకీ రోషం తల్లి పోలికే. "సుల్తానా మిషను మీద పెట్టిస్తాను. నీ కళ్ళతోనే చూడు. అది విరిగిందంటే నువ్వు ఇంట్లో ఉంటావు. ఒట్టు వెయ్యి."

"విరక్కపోతే?"

"నువ్వు నడుస్తావు. నేనూ నడుస్తాను."

రత్నం నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. నా నెత్తెందుకని అడిగితే, దగ్గరగా ఉందంది.

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. సుల్తానా ఆ పసుపు పచ్చటి పాదాన్ని మిషనుకి బిగించింది. పైనుంచి ఒక ఉక్కు దిమ్మ దిగి, మడమనీ వేళ్ళనీ మార్చి మార్చి నొక్కుతుంది. నడకలాగే, కాకపోతే చాలా గబగబా, చాలా బరువుతో. రత్నం బెంచీ మీద కూర్చుని కళ్ళు మూసుకుని గోవిందా గోవిందా అనుకుంటోంది. ఇందు గోళ్ళు కొరుక్కుంటోంది. ఆ పిల్లకి ఏది కావాలో ఆ పిల్లకే తెలియదని నాకనిపించింది.

పాదం వంగింది. లేచింది. వంగింది. లేచింది. సుల్తానా బరువు పెంచింది. ఇంకా వంగింది, ఇంకా నెమ్మదిగా లేచింది, అంతే. ఇక్కడికి విరగాలని ఇందు తెర మీద వేసుకున్న గీత ఎప్పుడో దాటిపోయింది. టీ వచ్చింది, తాగాం. మిషను ఆగలేదు. పాదమూ ఆగలేదు.

"ఇది విరగదు ఇందూ" అంది సుల్తానా చివరికి, మీట కట్టేస్తూ. "వాలిపోతుందేమో గాని విరగదు. ఇది మన నైలానేనా?"

"మనదే. అదే బస్తా."

రత్నం కళ్ళు తెరిచింది. "చెప్పానా!"

ఇందుకి సంతోషించే ఓపిక కూడా లేదు. "ఎందుకు విరగలేదు? గళ్ళన్నీ సరిగ్గానే నింపాను. పారే దారి సరిగ్గానే ఉంది..." అంటూ గొణుక్కుంది. "కోసి చూడాలి."

"కొయ్యడమేటే! గెలిచినదాన్ని కోస్తారా ఎవరైనా?" అని రత్నం గోల పెట్టింది. కాని ఇందు ముఖం చూసి మెత్తబడింది. "సరే, కొయ్యండి. నెమ్మదిగా."

సుల్తానా రంపంతో చీలమండ దగ్గర అడ్డంగా కోసింది. కోసిన ముక్కని దీపం కిందకి తిప్పి, ఆగిపోయింది.

"ఇందూ, దీన్ని పసుపులో ఉడకబెట్టారా?"

మేం దగ్గరికెళ్ళి చూశాం. పనసతొనలో గింజ చుట్టూ కండ ఉన్నట్టు, అంచునుంచి లోపలికి బొటనవేలు గోరంత మందాన పసుపు ఇంకింది.

"పైన పూత ఉంటుంది కదా" అంది ఇందు. "తడి పట్టని పూత. రంగు లోపలికెలా పోయింది?"

సుల్తానా వేలితో రాసి చూసింది. "పూతెక్కడుంది? ఎవరో తోమేశారు."

నేను గొంతు సవరించుకున్నాను. "పీచుతో రుద్దేది కదమ్మా మీ అమ్మ. రోజూ."

"రోజూనా?"

"ఇంటికొచ్చినప్పుడల్లా. నేను పోసేవాణ్ణి, ఆవిడ రుద్దేది. నువ్వూ పక్కనే కడుక్కునేదానివి కదా."

ఇందు నా వైపు చూసింది, వాళ్ళమ్మ వైపు చూసింది, కోసిన ముక్క వైపు చూసింది. కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో తల పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని దగ్గరికి వెళ్ళాను. భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతోంది.

"తడి నాన్నా" అంది ఊపిరాడక. "తడి! నీళ్ళు తాగింది ఇది. సంవత్సరం పైన రోజూ తాగింది. పొడి నైలాను గట్టిగా ఉంటుంది, వంగమంటే విరుగుతుంది. నీళ్ళు తాగిన నైలాను మెత్తగా ఉంటుంది, వంగుతుంది, మళ్ళీ లేస్తుంది. నా దగ్గర రెండు రకాల అంకెలూ ఉన్నాయి. పొడివీ, తడివీ. నేను పొడివే వేశాను. పూత ఉంది, మేజోడు ఉంది, బూటు ఉంది, నీళ్ళెక్కడ తగుల్తాయనుకున్నాను. నిజం చెప్పాలంటే పొడి అంకె పెద్దగా ఉంది నాన్నా. పెద్ద అంకె చూస్తే ధైర్యంగా ఉంటుంది."

"మరి నీళ్ళు తగలనివ్వద్దన్నది కొత్తదానికి కదా" అంది రత్నం. "అందుకే దాన్ని ముట్టలేదు. పాతదానికి ఎవరూ చెప్పలేదు."

"చెప్పామమ్మా. దానితో కూడా కాగితం ఇచ్చాం. ‘తడి తగలనివ్వరాదు.’ రాసింది నేనే."

"ఆ కాగితమా? శుభ్రంగా ఉంటే కరివేపాకు చుట్టిపెట్టాను."

నేను అడగకుండా ఉండలేకపోయాను. "మరి కొత్తది? అది పెట్టెలో ఉంది కదా."

నవ్వు ఆగింది. ఇందు లేచి నిలబడింది. అందరికీ ఒకేసారి అర్థమైంది. పూత చెక్కుచెదరని పాదాన్ని, బయటికే తీసుకెళ్ళని పాదాన్ని, గుళికల సంచుల మధ్య ఎండబెట్టాం. సవతి అబద్ధం చెప్పలేదు. మేం భయపడి చేసిన ప్రతి జాగ్రత్తా దాని మాటని నిజం చేస్తూ వచ్చింది.

"దాహంతో కిర్రుమంటోందన్నమాట" అంది రత్నం మెల్లగా, తన కాలి వైపు చూసుకుని. "పాపం, చెప్తూనే ఉంది."

చీలమండ వంపులో నిజంగా పగులు మొదలైందా అని సుల్తానా ఆ కొత్త పాదాన్ని విప్పించి దీపానికి అడ్డం పెట్టి, భూతద్దంతో అంగుళం అంగుళం వెతికింది. "లేదు" అంది. "ఇంకా లేదు. నీళ్ళు పట్టిద్దాం."

పున్నమికి రెండు వారాలుంది. మా పెరట్లో పెద్ద గంగాళం పెట్టాం. ముందు ఇందు కింద కూర్చుని, చేత్తో కొబ్బరి పీచు పట్టుకుని, తను పూయించిన పూతని తనే తోమింది. రత్నం పీట మీద కూర్చుని ఆజ్ఞలిచ్చింది. "అలగ కాదు, గుండ్రంగా. మడమ వెనకాల వదిలేశావు. ఇంజనీరింగులో కాళ్ళు తోమడం నేర్పలేదా?"

"లేదమ్మా, ఆ సబ్జెక్టు తీసెయ్యడం పెద్ద పొరపాటు."

పాదాన్ని వేడినీళ్ళలో ముంచి, సుల్తానా చెప్పిన వేడి తగ్గకుండా చూడ్డం నా పని. చెంబు పోయి గంగాళం వచ్చింది నాకు. మూడు నాలుగు రోజులకోసారి సుల్తానా చిన్న త్రాసుతో వచ్చి, తుడిచి తూచి, ఎంత తాగిందో చెప్పేది. "ఇంకా దాహం తీరలేదు బాబాయ్." మళ్ళీ ముంచేవాణ్ణి. శుక్రవారం రత్నం గంగాళంలో ఇంత పసుపు వేసింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. స్వామికి చందనం, నాకు పసుపు అంది.

పున్నమి ఇంకో రెండు మూడు రోజులుందనగా పాదం బయటికి తీశాం. తొడుక్కుని రత్నం పెరట్లో ఒక చుట్టు తిరిగింది. చప్పుడు లేదు.

"మెత్తగా ఉందే" అంది ఆశ్చర్యంగా. "పాతదానిలాగే, అడుగేస్తే కూర్చుని లేస్తోంది."

ఆ రోజు ఇందు ల్యాబులో కొత్త అంకెలు వేసింది. తడి గళ్ళు. నన్ను రమ్మంది, ఒక్కర్తీ చూడలేనంది. సవతి మళ్ళీ పుట్టింది, మళ్ళీ నడిచింది. అడవివరం దాటింది. హనుమంతవాక దగ్గర ఇందు నా చెయ్యి పట్టుకుంది. దాటింది. సముద్రం, జాతీయ రహదారి, గోపాలపట్నం, కొండ మొదలు, అన్నీ దాటింది. ఆగకుండా ఇంకా ముందుకి, శ్రావణంలోకి, కార్తీకంలోకి వెళ్ళిపోతోంది. ఇందు మీట మీద వేలు పెట్టి ఆపింది.

"చివరిదాకా చూడనా నాన్నా?"

నాకు తోచిందే చెప్పాను. "చివర ఎలాగూ ఉంటుంది కదమ్మా, దేనికైనా. దానికి ఇప్పుడేం కావాలో చెప్తుందా ఇది?"

"చెప్తుంది. తడి తగ్గితే చెప్తుంది. పగులు మొదలవ్వబోతే, మార్చడానికి సరిపడా ముందే నాకు చెప్తుంది."

"మరి అది చాలదూ?"

ఇందు తెర కట్టేసింది. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌లోనే ఆ మార్పు చేసింది. ఫలానా రోజున విరుగుతుందని అది ఇంకెవరికీ చెప్పదు. నన్ను ఆరబెట్టకు, నా మీద ఇంత బరువు వద్దు, ఇలా అడుగుతుంది. మార్చాల్సిన వేళ వస్తే చేసినవాళ్ళకి చెబుతుంది. అలా చెయ్యడం సరైనదో కాదో పెద్ద చదువులవాళ్ళు తేల్చాలి. నాకు మాత్రం ఆ పూట పూజలో అడగడానికి ప్రశ్న మిగల్లేదు.

ప్రదక్షిణ రోజు తెల్లారగానే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టాం. జనం, డప్పులు, గోవింద నామాలు. ఇందు జీవితంలో మొదటిసారి తారు రోడ్డు మీద చెప్పుల్లేకుండా నడుస్తూ, అడవివరం చేరకముందే ఎగరడం మొదలుపెట్టింది. ఎండ చురుక్కుమంటోంది.

"కాలుతోందేటే?" అంది రత్నం.

"కాలుతోందమ్మా!"

"నాకు ఎడమదే కాలుతోంది. కుడిది దర్జాగా ఉంది."

హనుమంతవాక వచ్చింది. ఇందు మాటలు తగ్గిపోయాయి. తల్లి కుడి పక్కకి వచ్చి, పాదం వైపే చూస్తూ నడుస్తోంది. రోడ్డు పక్క పందిట్లో ఎవరో మజ్జిగ పంచుతున్నారు. రత్నం అక్కడ ఆగి రెండు గ్లాసులు తీసుకుంది.

"నా సవతి ఇక్కడే కదే కూలబడింది?"

"ఇక్కడేనమ్మా. ఆ మలుపు దగ్గర."

రత్నం ఆ మలుపు దాకా వెళ్ళింది. ఒక గ్లాసు తాగింది. రెండోది కొంచెం వంగి తన కుడి పాదం మీద పోసుకుంది. "తాగవే" అంది. "నీదే ముందు నడిచిన పుణ్యం."

మజ్జిగ పంచేవాళ్ళు తెల్లబోయి చూశారు. అప్పుడే నాలుగు చినుకులు రాలాయి. వెంటనే వాన కురిసింది. జనమంతా తలలు ఎత్తి గోవిందా అని అరిచారు. ఇందు ఏడుస్తోందో వాన నీళ్ళో తెలియలేదు గాని, నవ్వడం మాత్రం కనిపించింది. సముద్రం దగ్గర కెరటం వచ్చి మా అందరి పాదాలూ కడిగింది. అందులో పసుపు పాదం ఒకటి మిగతావాటికన్నా లోతుగా ఇసకలో దిగి, మళ్ళీ లేచింది. అక్కడినుంచి ఎక్కడా ఆగలేదు. ఆగిందల్లా నా కోసమే. నా మోకాళ్ళకి తడి అంకెలు ఎవరూ వెయ్యలేదు మరి.

ప్రదక్షిణ పూర్తి చేసి ఇంటికి వచ్చేసరికి ముగ్గురి కాళ్ళూ బురదలో ఉన్నాయి. అలవాటు కొద్దీ చెంబు కోసం వంగాను. ఇందు నా చేతిలోంచి తీసుకుంది. వాళ్ళమ్మ ముందు గొంతుక్కూర్చుని, ముందు ప్లాస్టిక్ పాదం మీద, తర్వాత ఎడమ పాదం మీద, నింపాదిగా నీళ్ళు పోసింది.

"ఏటే" అంది రత్నం, గోడ పట్టుకుని. "తడి తగలకూడదని కాగితం రాసిన పిల్లవి."

"ఆ కాగితం మార్చేశానమ్మా. నిన్ననే అచ్చుకి ఇచ్చాను."

"ఏటని రాశావు?"

ఇందు పీచు అందుకుని మడమ వెనకాల గుండ్రంగా రుద్దుతూ చెప్పింది.

"‘బయటినుంచి ఇంటికి రాగానే రెండు కాళ్ళూ కడుక్కోవలెను.’"

రత్నం కుడి పాదాన్ని కొంచెం ముందుకి జరిపింది. తర్వాత అడిగింది. "పసుపు సంగతో?"

"అది మీ ఇష్టమని రాశాను."